పిన్ని పడ్డ చోటు

సైకిల్ క్యాంపు,
చింతపల్లి దగ్గర,
3 ఫిబ్రవరి 2025

పిన్నీ,

చెయ్యి ఎలా ఉందని అడగడానికి కూడా నాకు ముఖం చెల్లడం లేదు. నిన్న బండరాయి ఎక్కి ఫోన్ చేశాను. మా క్యాంపులో సిగ్నల్ దొరికేది ఆ ఒక్క రాయి మీదేనని నీకు చూపించాను కదా. బాబాయి ఎత్తారు. స్పీకర్ పెట్టి నీ నోటి దగ్గర పట్టుకున్నట్టున్నారు, ఆయన ఊపిరి కూడా వినిపించింది. "బాగానే ఉన్నానే, నువ్వు వేళకి తిను" అన్నావు. ఆయన మధ్యలో ఉండగా మనం అంతకన్నా ఏం మాట్లాడుకోగలం? అందుకే ఈ కాగితం. ఇంటికి పంపితే ఆయనే చింపి నీకు చదివి వినిపిస్తారు కాబట్టి, మీ కింద వాటాలో స్టెల్లా గారి పేరు మీద పంపుతున్నాను.

పడిన దగ్గర్నుంచి నువ్వు నన్ను ఒక్క మాట అనలేదు. మెడ కింద ఎముక విరిగిందని డాక్టరు చెప్తుంటే బాగున్న చేత్తో నా తల నిమిరావు. ఆ నిమరడం గుర్తొస్తే నాకు నిద్ర పట్టడం లేదు. నువ్వు తిట్టి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

మా క్యాంపులో ఒక రూలుంది పిన్నీ. కొత్తవాళ్ళని అడవి దారిలోకి తీసుకెళ్ళే గైడు ఎప్పుడూ ఆఖరి సైకిలు వెనకే ఉండాలి. ఆ రోజు మనిద్దరమే. నేను నీ వెనకే ఉండాలి. వాగు దాటి, సిల్వర్ ఓక్ చెట్ల మధ్య దారి కిందికి దిగే చోట "నేను కింద ఆగుతా, నువ్వు మెల్లిగా రా" అని వదిలేశాను. నీకు దారి చూపించడానికేం కాదు, ఆ దిగుడంటే నాకు పిచ్చి. దాని మీద వెనక ఉండి బ్రేకులు నొక్కుకుంటూ రావడం నాకు చేతకాలేదు, అంతే. కింద మలుపులో ఆగి నవ్వుకుంటూ నిలబడ్డాను. నువ్వు ఎంతకీ రాకపోతే మిరియాల తీగలు చూస్తూ ఆగావేమో అనుకున్నాను. నువ్వక్కడ ఒక్కదానివే పడి ఉన్నావు.

పసిపిల్లలు కూడా తొక్కే దారి అని నిన్ను తీసుకొచ్చింది నేను. ఆస్పత్రి నుంచి బాబాయికి ఫోన్ చేసి గుడి మెట్ల మీద జారానని నువ్వు చెప్పగానే, ఫోన్ లాక్కుని "అవును బాబాయ్, నేను పక్కనే ఉన్నా, పట్టుకున్నా" అన్నదీ నేనే. పాలమెట్ట నరసింహస్వామి గుడికి వెళ్తున్నామని ఆయనతో చెప్పి బయల్దేరాం. తీరా వెళ్ళనే లేదు. తిరుగు ప్రయాణంలో చూసుకుందామని కార్లోంచే దండం పెట్టుకున్నాం.

ఆయనకి నిజం చెప్పెయ్యమంటే చెప్పేస్తాను. నీ మాట కోసం చూస్తుంటాను.

నీ ఎదుట నిలబడలేని
సింధూరి

*

భవానీపురం,
10 ఫిబ్రవరి

సింధూ తల్లీ,

నీ ఉత్తరాన్ని స్టెల్లా తోటకూర కట్ట కింద పెట్టి పైకి తెచ్చింది. "ఏంటాంటీ, ఈ వయసులో దొంగ ఉత్తరాలు" అని ఆటపట్టించింది. మంచి పిల్ల, ఏమీ గుచ్చి అడగలేదు. ఎడమ చెయ్యి మెడకి వేలాడుతోంది, కుడి చెయ్యికేం ఢోకా లేదు. కాగితం కదలకుండా కందిపప్పు డబ్బా పెట్టుకుని రాస్తున్నాను. మీ బాబాయి మందుల షాపుకి వెళ్ళారు, వచ్చేలోపు ముగించాలి.

నువ్వు ముందెళ్ళావని నేను పడలేదే. కాళ్ళు చాపి పడ్డాను. దిగేటప్పుడు సీటు మీద కూర్చోకు, పెడల్స్ మీద లేచి నిలబడు, రెండు బ్రేకులూ మెల్లిగా నొక్కు అని నువ్వు చిలక్కి చెప్పినట్టు చెప్పావు. తలకాయ ఊపాను. తీరా దిగుడు రాగానే, ఉయ్యూరు హైస్కూలుకి వెళ్ళే రోజుల్లో కాలవకట్ట దిగినట్టు కాళ్ళు రెండూ బార్లా చాపేశాను. మేమందరం అట్లాగే దిగేవాళ్ళం. పడితే కింద మెత్తటి బురద, లంగా తడిసేది, అమ్మ తిట్టేది, అయిపోయేది. మీ కొండలో ఇంత లావు వేరు అడ్డం ఉంది. దానికి నువ్వేం చేస్తావు?

నా బాధ అది కాదు. మీ బాబాయి వన్‌టౌన్‌లో షాపు కుర్రాళ్ళకి అప్పజెప్పి ఇంట్లో కూర్చున్నారు. పెళ్ళైన ఇన్నేళ్ళలో స్టవ్ వెలిగించని మనిషి నాకు ఉప్మా చేసి పెడుతున్నారు. ఉండలు కట్టిన ఉప్మా. పొద్దున్నే దువ్వెన పట్టుకుని వెనకాల కూర్చుని జడ వేస్తున్నారు. మూడు పాయలు వేళ్ళకి అందక, ఊపిరి బిగబట్టి, ఫ్యాను వైరు చుట్టినట్టు చుడతారు. చూసి స్టెల్లా ముఖం తిప్పుకుని నవ్వింది. నాకు మాత్రం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నొప్పి అనుకుని ఆయన మాత్ర తెచ్చిచ్చారు, మింగాను.

చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళ దగ్గరా నిన్ను ఆకాశానికెత్తుతున్నారు. "సింధూరి పక్కనుండి పట్టుకుంది కాబట్టి సరిపోయింది, లేకపోతే మెట్లన్నీ దొర్లిపోయేది" అని. ఇప్పుడు నిజం చెప్తే ఆ మాటలన్నీ ఆయన నోట్లో ఏమవుతాయో ఆలోచించు. ఇంకో గొడవ కూడా ఉంది. ఎక్కడ పడ్డావు, ఎన్నో మెట్టు అని అడుగుతున్నారు. దిగేటప్పుడు మండపం దాటాక అన్నాను. నువ్వేమో ఆస్పత్రి నుంచి ఫోన్లో, ఎక్కేటప్పుడు అన్నావట. ఆయన ఆలోచనలో పడ్డారు. అందుకని కొన్నాళ్ళు నువ్వు ఫోన్ చెయ్యకు.

లిఫ్టు చప్పుడవుతోంది. ఉంటానే.

పిన్ని

*

క్యాంపు,
19 ఫిబ్రవరి

పిన్నీ,

చెయ్యొద్దన్నావు, చెయ్యను. నువ్వు అలా రాయడంలో తప్పు లేదు. నా గొంతు వినాలని నీకు ఎందుకుంటుంది? నా తప్పేం లేదని రెండు పేరాలు రాసి, చివర్లో ఆ ఒక్క ముక్క రాశావు. నాకు అర్థమైంది.

ఇక్కడ బాగానే ఉంది. నేను ఇప్పుడు అడవి దారిలోకి వెళ్ళడం లేదు. షెడ్డులో కూర్చుని చైన్లు కడుగుతున్నాను, టైర్లు మారుస్తున్నాను. వచ్చినవాళ్ళని ఆరోన్ తీసుకెళ్తున్నాడు. ఆరోన్ గుర్తున్నాడా, నిన్ను మోసుకుని వాగు దాటించిన మా హెడ్ గైడు. కాఫీ గింజలు ఎండబోశారు, క్యాంపు వాకిలంతా అదే వాసన. నువ్వు ముక్కు ఎగబీల్చుకుంటూ తిరిగావు ఆ రెండు రోజులూ.

నిన్న బస్సు పార్సెల్లో బాబాయి పంపిన పెట్టె వచ్చింది. బందరు లడ్డూ. పైన చీటీ, "మా ఇంటిమనిషిని కాపాడిన తల్లికి" అని ఆయన గుండ్రటి చేతిరాత. ఒక్కటి కూడా నోట్లో పెట్టుకోలేకపోయాను. అందరికీ పంచేశాను. ఎంత బాగుందో అని ఆరోన్ చేతులు నాక్కుంటుంటే లేచి అవతలికి వెళ్ళాను. చీటీలో ఇంకోటి కూడా రాశారు. వీలున్నప్పుడు పాలమెట్ట వెళ్ళి ఆయన పేరున కొబ్బరికాయ కొట్టమని. వెళ్తాను. ఆ గుడికి మనం ఆ పాటి బాకీ ఉన్నాం కదా.

నీకు రాయాలనిపిస్తే రాయి. అనిపించకపోయినా నేనేం అనుకోను.

సింధూరి

*

భవానీపురం,
1 మార్చి

ఓసి పిచ్చిదానా,

ఫోన్ చెయ్యొద్దంటే మెట్టు లెక్క తెగేదాకా చెయ్యొద్దని. నాతో మాట్లాడొద్దని కాదు. ఎక్కడ నేర్చుకున్నావే ఈ అలగడం, అచ్చం మీ అమ్మ. మైలవరంలో మా అక్క కూడా ఇంతే, మంచినీళ్ళు కావాలా అంటే వెళ్ళిపొమ్మన్నానని అనుకుంటుంది.

నువ్వు షెడ్డులో చైన్లు కడుగుతున్నావని రాశావు. నా మూలాన నిన్ను ఉద్యోగంలోంచి దించేశారా? ఉన్నదున్నట్టు రాయి. కావాలంటే మీ క్యాంపు ఓనరుకి నేను ఉత్తరం రాస్తాను, తప్పు ముసలిదానిదే అని.

నీకు ఒక నిజం చెప్పాలి. ఎవరితోనూ అనలేను. పడే ముందు, ఆ దిగుడు మొదలైనప్పుడు, పెడల్ తొక్కకుండానే సైకిలు తనంతట తాను పోతుంటే, ముఖానికి చల్లగాలి కొడుతుంటే, నేను గట్టిగా అరిచాను. భయంతో కాదు. అంత సంతోషం నాకు ఎప్పుడొచ్చిందో గుర్తు లేదు. వేరు మీద పడి, చెయ్యి కదలక, ఆకుల్లో వెల్లకిలా ఉన్నప్పుడు కూడా మొదట వచ్చింది నవ్వే. నొప్పి తర్వాత తెలిసింది. ఆయన ఇక్కడ ఉప్మా కలుపుతూ కుమిలిపోతుంటే, నేను కళ్ళు మూసుకుని ఆ దిగుడు దిగుతూ ఉంటాను. మొగుడికి అబద్ధం చెప్పినందుకు కాదు, ఆ అబద్ధం చెప్పి ఇంత హాయి పడినందుకు నాకు సిగ్గుగా ఉంది.

ఇప్పుడు అసలు సంగతి విను. నేను గుళ్ళో పడ్డానంటే ఏదో అపచారం జరిగిందని ఆయన మనసులో పడింది. మొక్కుకున్నారు. నా చెయ్యి తల మీదికి లేచిన రోజున పాలమెట్ట వెళ్ళి మెట్లపూజ చేస్తారట. చెప్పుల్లేకుండా, అడుగు మెట్టు నుంచి గుడి దాకా, మెట్టు మెట్టుకీ వంగి పసుపు రాసి, బొట్టు పెట్టి, లేచి, మళ్ళీ వంగి. గుండెకి స్టెంట్ వేయించుకుని రెండేళ్ళు కాలేదు. మా పాత ఇంటి మూడంతస్తులు ఎక్కొద్దని డాక్టరు అంటే లిఫ్టున్న ఈ వాటాకి మారాం. నేను బతిమాలాను. "నీ కోసం కదా రాజ్యం, స్వామే చూసుకుంటాడు" అన్నారు. పైగా నేను పడ్డ మెట్టు దగ్గర కాసేపు కూర్చుంటారట.

ఏం చెయ్యాలో చెప్పవే. నా బుర్ర పని చెయ్యడం లేదు.

నీ పిన్ని

*

క్యాంపు,
12 మార్చి

పిన్నీ,

నన్నెవరూ దించలేదు. నేనే దిగాను. ఎవర్నీ వెంటబెట్టుకుని వెళ్ళడానికి ధైర్యం చాలడం లేదు. కాబట్టి ఓనరుకి ఏమీ రాయకు.

నీ ఉత్తరం చదివాక మర్నాడే పాలమెట్ట వెళ్ళాను. బాబాయి చెప్పిన కొబ్బరికాయ కూడా కొట్టాలి కదా. పిన్నీ, ఆ మెట్లు నువ్వు చూడలేదు, నేను చూశాను. కింద నుంచి చూస్తే పైన గోపురం కనిపించదు. నీడ లేదు. రోజూ కొండల్లో తిరిగే నాకే మధ్యలో రెండుసార్లు కూర్చోవాల్సి వచ్చింది. ఒకావిడ మెట్లపూజ చేస్తోంది. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు, పక్కన చెల్లెలు గొడుగు పట్టుకుంది. సగం ఎక్కేసరికి ఆవిడ వంగలేక మోకాళ్ళ మీద పాకుతోంది. ఆవిడ స్థానంలో బాబాయిని ఊహించుకుని అక్కడే ఆగిపోయాను. పైకి వెళ్ళి కొబ్బరికాయ కొట్టాను కానీ స్వామి ముఖం చూడలేదు.

మెట్టు సంగతి కూడా చూసుకుని వచ్చాను. మండపం దాటాక ఒక మెట్టు అంచు విరిగి ఉంది. అడిగితే అక్కడే అని చెప్పు, నేనూ అదే చెప్తాను. ఇలా రాస్తుంటే నా మీద నాకే అసహ్యంగా ఉంది, అయినా రాస్తున్నాను.

ఇప్పుడు నిజం చెప్తే ఏమవుతుందో నాకు తెలీదు. ఆ కోపంలో, ఈ ఎండల్లో, ఆయన గుండెకి ఏదైనా అయితే? అందుకని ఒక ఆలోచన. నీ చెయ్యి లేస్తేనే కదా మొక్కు. లేవకుండా చూడు. నిజంగా కాదు, డాక్టరు చెప్పిన వ్యాయామం తలుపేసుకుని చెయ్యి. ఆయన ముందు మాత్రం భుజం దాకా ఎత్తి నొప్పి అను. వానలు పడేదాకా ఇలా జరుపుకొద్దాం. ఈలోపు ఆయన మనసు మారుతుంది, లేదా మనకే ధైర్యం వస్తుంది.

తప్పు మీద తప్పు చేయిస్తున్నానని తెలుసు. ఇంకో దారి తోచలేదు.

సింధు

*

భవానీపురం,
7 ఏప్రిల్

సింధూ,

నువ్వు చెప్పినట్టే చేశాను. చేసి కొంప మీదికి తెచ్చుకున్నాను.

మార్చి ఆఖరికే నా చెయ్యి హాయిగా లేచింది. బాత్రూంలో తలుపేసుకుని, షవరు పైపు పట్టుకుని వ్యాయామం చేసేదాన్ని. బయటికొచ్చి భుజం దగ్గర ఆపి "అమ్మా" అనేదాన్ని. ఉగాది నాడు అటక మీది ఇత్తడి గిన్నె ఎంతకీ దిగకపోతే, ఆయన స్నానంలో ఉన్నారు కదా అని చెయ్యి చాపి దించేశాను. తలుపు తీసిన చప్పుడైతే గిన్నె పక్కన పెట్టి చెయ్యి పట్టుకుని కూలబడ్డాను. ఆయన తడి తలతో పరిగెత్తుకొచ్చారు. సినిమాల్లో వేషాలేసేవాళ్ళు నా ముందు బలాదూరు.

ఆయన రోజూ జడ వేస్తూనే ఉన్నారు. ఇప్పుడు బాగా వేస్తున్నారు. మూడు పాయలూ సమానంగా, రిబ్బను కూడా కట్టి. అదొకటి నాకు ప్రాణసంకటం.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఫోటో తీసి ఎముక బ్రహ్మాండంగా అతికింది, చెయ్యి ఎందుకు లేవడం లేదో అర్థం కావడం లేదన్నాడు. పాపం, నా నటన డాక్టరుకేం తెలుసు. ఇంటికొచ్చాక మీ బాబాయి చాలాసేపు బాల్కనీలో నిలబడి ఏటి వైపు చూస్తూ ఉన్నారు. లోపలికొచ్చి, "చెయ్యి లేచాక మొక్కు తీరుస్తానన్నాను చూశావా రాజ్యం, అదే నా పొరపాటు. దేవుడితో బేరం పెట్టాను. ముందు తీర్చాలి, అప్పుడు లేస్తుంది" అన్నారు. ఈ శనివారానికి టిక్కెట్టు తీయించేశారు. ఒక్కరే వెళ్తారట, నన్ను రావద్దన్నారు. పసుపు, కుంకుమ వేరువేరు డబ్బాల్లో పోసి సంచిలో పెట్టుకున్నారు. తువ్వాలు, బీపీ మాత్రలు అన్నీ సర్దుకున్నారు.

నేను లేవదనబట్టే ఆయన బయల్దేరుతున్నారు. లేచిందంటే ఎలాగూ బయల్దేరతారు. నోరు తెరిచి చెప్పడం తప్ప ఇంకేం మిగల్లేదు. ఈ ఉత్తరం నీకు చేరేసరికి ఏదో ఒకటి అయిపోయి ఉంటుంది. బండరాయి ఎక్కి ఫోన్ చెయ్యకు, ఆయనే ఎత్తుతారు. రేపు చెప్తాను. రేపు కాకపోతే శుక్రవారం లోపు చెప్తాను. నాకు ఆయన తిట్లంటే భయం లేదే, ఆయన తిట్టే మనిషి కాదు. ఆ ముఖం ఎట్లా పెడతారో అదే నా భయం.

మనమేం చేశామే ఇది.

పిన్ని

*

క్యాంపు,
14 ఏప్రిల్

పిన్నీ,

నీ ఉత్తరం ఇవాళ అందింది. బాబాయి శనివారమే వచ్చి వెళ్ళారు. ఉత్తరం ముందు అంది ఉంటే నేను ఆ పని చేసేదాన్ని కాదు.

మధ్యాహ్నం జీపు దిగి, చేతిలో సంచితో, చెప్పులేసుకుని నిలబడ్డారు. నాకు నువ్వు చెప్పావో లేదో తెలీదు. పాలమెట్ట వెళ్తూ నన్ను తోడు తీసుకెళ్ళడానికి వచ్చారనుకున్నాను. మంచినీళ్ళిచ్చాను. ఆయన అడక్కముందే మొదలుపెట్టాను. "ఈ ఎండలో అంత దూరం వద్దు బాబాయ్, కొబ్బరికాయ నేను కొట్టేశాను కదా. పిన్ని పడింది మండపం దాటాక అంచు విరిగిన మెట్టు మీద. నేను చెయ్యి పట్టుకునే ఉన్నా, అయినా జారింది" అని గడగడా చెప్పుకుపోయాను. ఆయన గ్లాసు పట్టుకుని చివరిదాకా విన్నారు. నేను ఆపాక గ్లాసు కింద పెట్టి, "మీ పిన్ని మంగళవారమే చెప్పిందమ్మా. అది పడ్డ చోటు చూపించు" అన్నారు.

భూమి చీలితే లోపలికి పోదామనిపించింది.

నువ్వు పడ్డ చోటే మొక్కు తీరుస్తానన్నారు. నేను పదిసార్లు ఆపాను. ఆరోన్ వచ్చి, దారి వాలుగా మెల్లిగా ఉంటుంది, మెట్లకన్నా నయం, నడిపించుకుని తీసుకెళ్దాం అన్నాడు. వాగు దగ్గర ఆగాం. కాఫీ తోటలో ఆగాం. బాబాయి చుట్టూ చూస్తూ నడిచారు. దారి మధ్యలో టైరు గుర్తులు చూసి "ఇంత సన్న దారిలోనా తొక్కింది" అన్నారు, అంతే. ఆ వేరు చూపించాను. చెప్పులు విడిచి, వంగి, దాని పొడవునా పసుపు రాశారు. కుంకుమ బొట్లు పెట్టారు. ఎవరో సైకిలు మీద వస్తుంటే ఆరోన్ చెయ్యెత్తి ఆపాడు. ఆ అబ్బాయి దిగి, ఏమీ అర్థం కాకపోయినా హెల్మెట్ తీసి చేత్తో పట్టుకున్నాడు.

తర్వాత ఆ పక్కనే రాయి మీద కూర్చుని అడిగారు. "అప్పుడు నువ్వెక్కడున్నావమ్మా?"

నేను పక్కనే ఉన్నానని నువ్వు చెప్పావట. నిజం చెప్పినప్పుడు కూడా నా సంగతి దాచిపెట్టావు. ఆయన ముఖంలో చూస్తే, ఉన్నానంటే నమ్మడానికి సిద్ధంగా ఉన్నారు. నా నోట్లో ఆ మాట వచ్చి ఆగింది. కింద మలుపు చూపించాను. "అక్కడ, బాబాయ్. పిన్నిని వదిలేసి ముందు వెళ్ళిపోయాను. వెనక ఉండాల్సింది నేనే" అన్నాను. ఆయన ఆ మలుపు వైపు చాలాసేపు చూశారు. "కనపడదు కదా ఇక్కణ్ణుంచి" అన్నారు. కనపడదన్నాను.

ఆయన నన్ను తిట్టలేదు, ఓదార్చలేదు. "మార్కెట్టుకెళ్ళినా, పెళ్ళికెళ్ళినా నేను ముందు నడుస్తానమ్మా. వెనకాల వస్తోందనే అనుకుంటాను" అన్నారు. తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు. చెమటో ఏమిటో నేను చూడలేదు. సాయంత్రం జీపెక్కేటప్పుడు నా తల మీద చెయ్యి వెయ్యబోయి, వెయ్యకుండా సంచి సర్దుకున్నారు. అది నాకు దక్కాల్సిందే.

ఇంటికి క్షేమంగా వచ్చారా? ఆయన ఎలా ఉన్నారు? ఆ ఒక్కటీ రాయి.

సింధు

*

భవానీపురం,
24 ఏప్రిల్

సింధూ,

క్షేమంగానే వచ్చారు. బీపీ చూపించాం, బాగానే ఉంది. ముందు అది తెలుసుకుని ఊపిరి పీల్చుకో.

చెప్పిన రోజు సంగతి నీకు రాయలేదు. మంగళవారం పొద్దున ఆయన దువ్వెన పట్టుకుని వచ్చి మంచం మీద కూర్చున్నారు. ఎట్లా మొదలుపెట్టాలో తెలియక, దువ్వెన తీసుకుని, రెండు చేతులూ ఎత్తి, ఆయన ముందే జడ వేసుకున్నాను. ఆయన ముఖం వెలిగిపోయిందే. లేచిందా అంటూ నా మోచెయ్యి పట్టుకున్నారు. ఆ వెలుగు మీదే నేను నీళ్ళు పొయ్యాల్సి వచ్చింది. అంతా చెప్పాను. సైకిలు, అడవి, బాత్రూంలో వ్యాయామం, అన్నీ. నువ్వు ముందెళ్ళిన మాట మాత్రం దాచి పక్కనే ఉన్నావన్నాను, నిన్ను ఒక్కదాన్నైనా మంచిగా ఉండనిద్దామనుకున్నాను. ఆయన ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. "అడిగితే వద్దనేవాణ్ణనుకున్నావా?" అవునన్నాను. లేచి షాపుకి వెళ్ళిపోయారు. శనివారం దాకా ఇంట్లో ఫ్యాను చప్పుడే.

నీ దగ్గర్నుంచి వచ్చాక మాట్లాడుతున్నారు. కరెంటు బిల్లు, బెండకాయల ధర, అలాంటివి. సాయంత్రం మార్కెట్టుకి వెళ్తే నన్ను ముందు నడవమంటున్నారు. ఆయన వెనక వస్తుంటే నాకు నడక రావడం లేదు. నాలుగడుగులకోసారి వెనక్కి తిరిగి చూస్తుంటే, నేనెక్కడికీ పోలేదులే అన్నట్టు సంచి ఊపుతారు. నా జడ ఇప్పుడు నేనే వేసుకుంటున్నాను. మొదటి రోజు అలవాటున వచ్చి, తలుపు దగ్గర ఆగి, పేపరు తీసుకుని వెళ్ళారు.

ఆయన ప్రశ్న నన్ను వదల్లేదు. ఇన్నేళ్ళ కాపురంలో చీర కొనుక్కోవడానికి, మా అక్క ఊరు వెళ్ళడానికి, దేనికీ నేను అడగలేదు. వద్దనే మనిషి అని నేనే ఖాయం చేసేసుకుని, ఆయన నోటితో ఆ మాట రానివ్వకుండా దాటేస్తూ వచ్చాను. ఆయన చెయ్యని తప్పుకి ఆయన్ని శిక్షించాననిపించింది. నిన్న అన్నాలు తినేటప్పుడు అడిగాను. "నాకు మళ్ళీ అక్కడికెళ్ళి ఆ సైకిలు తొక్కాలనుందండీ, వెళ్ళనా?"

ఆయన ముద్ద కలుపుతూ ఆగిపోయారు. నిజంగానే ఆలోచించారు, పాపం. సరే అనడానికి ప్రయత్నించారని నాకు తెలిసింది. చివరికి "వద్దు రాజ్యం" అన్నారు. "ఆ వేరు చూశాను. వద్దు."

నేను ఊరుకుని ఉండొచ్చు. "మీరు వద్దన్నారు, విన్నాను. నేను మాత్రం మే నెల దాటకుండా వెళ్తానండీ" అన్నాను. ఆయన కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నారు. అరవలేదు, తలుపెయ్యలేదు. పెరుగన్నం అట్లాగే ఉండిపోయింది. రాత్రి నిద్ర పోలేదని ఈ పక్క నుంచి నాకు తెలుస్తూనే ఉంది.

నీ క్యాంపులో మే రెండో వారం చోటు చూడు. నువ్వు షెడ్డులోంచి బయటికొచ్చి నన్ను తీసుకెళ్ళాలి, వేరే గైడయితే నేను రాను. ఆయనకి చెప్పే వస్తాను, ఆయన మళ్ళీ అన్నం వదిలేస్తారని తెలిసే వస్తాను. గుడికని అబద్ధం చెప్పి వచ్చినప్పుడు నాకు ఇంత తప్పు చేస్తున్నట్టు లేదే సింధూ.

నీ పిన్ని
రాజ్యలక్ష్మి